ఎండలో గువ్వల వేటకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

టెక్సస్‌లో ఉత్తర, మధ్య జోన్లకు గువ్వల సీజన్ సెప్టెంబర్ 1న మొదలవుతుంది. వేసవి అయిపోయిందని క్యాలెండర్ చెబుతుంది గానీ చేలో నిలబడితే నమ్మబుద్ధి కాదు. మధ్యాహ్నానికి 95 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 నుంచి 38 సెల్సియస్, అక్కడ మామూలే. మొదటిసారి వెళ్లే మనవాళ్లంతా తుపాకీ గురించే టెన్షన్ పడతారు. పడాల్సిందే. కానీ నేను చూసినంతలో ముందు ఎండ బుర్రను మొద్దుబారుస్తుంది, తుపాకీతో పొరపాట్లు ఆ తర్వాత వస్తాయి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఎండ గురించే రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మాతో వచ్చిన ఒక మిత్రుడికి తుపాకీ కొత్తేమీ కాదు. కోసేసిన పొద్దుతిరుగుడు చేను అంచున, స్టూలు మీద మూడు గంటలు కూర్చున్నాడు. పదిన్నరకు పిలిస్తే ఆలస్యంగా పలికాడు. దగ్గరికి వెళ్లి చూస్తే తుపాకీలో తూటాలున్నాయి, సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) తీసి ఉంది, గొట్టం మా కుక్క పడుకున్న వైపు తిరిగి ఉంది. సేఫ్టీ ఎప్పుడు తీశాడో తనకే గుర్తు లేదు. తెచ్చుకున్న సీసాలో సగం నీళ్లు కూడా తాగలేదు. తుపాకీ తీసుకుని ఖాళీ చేసి, నీడకు తీసుకెళ్లి, చొక్కా తడిపి, కొద్దికొద్దిగా నీళ్లు పడితే అరగంటకు తేరుకున్నాడు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గొట్టం తిరిగి ఉన్న దిక్కు మాత్రం నేను మర్చిపోలేదు.

గువ్వల వేటలో ఉన్న చిక్కే అది. నడక తక్కువ, కూర్చోవడం ఎక్కువ. ఒళ్లు అలిసినట్టు తెలియదు. గాలి పొడిగా ఉంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. పైకి చూస్తూ పక్షుల ధ్యాసలో ఉన్నవాళ్లకు దాహం కూడా గుర్తు రాదు. కాబట్టి దాహాన్ని నమ్ముకోకుండా గడియారాన్ని నమ్ముకోండి. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు, సుమారు 240 మిల్లీలీటర్లు తాగాలి. అలాగని ఒకేసారి దించేయొద్దు. గంటకు సుమారు 1.4 లీటర్లు దాటితే రక్తంలో ఉప్పు పలచబడి అదొక కొత్త ప్రమాదం అవుతుంది. చాలాసేపు చెమట పడితే ఎలక్ట్రోలైట్ పొడి కలిపిన నీళ్లు మంచివి. ముందు రోజు రాత్రి మందు పార్టీ పెట్టుకుంటే మాత్రం, దయచేసి మర్నాడు ఉదయం వేట మానేయండి. బీపీకి నీరు తీసే మాత్రలు, జలుబుకు, అలర్జీకి వేసుకునే మాత్రలు కూడా ఎండదెబ్బను త్వరగా తెస్తాయి. అలాంటివి వాడుతుంటే బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడండి, మీ అంతట మీరు మానేయొద్దు.

రోజంతా ఏసీలో కూర్చుని పనిచేసేవాళ్ల ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆగస్టు మధ్య నుంచే సాయంత్రం పూట కాసేపు బయట నడవడం మొదలుపెట్టండి. ఖరీదైన బూట్ల కంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

వేళ ఎంచుకోవడం కూడా జాగ్రత్తే. గువ్వలు పొద్దున్నే మేతకు వస్తాయి, సాయంత్రం నీళ్లకు, ఆ తర్వాత గూళ్లకు వెళ్తాయి. కాల్చడానికి చట్టం ఇచ్చే సమయం మామూలుగా సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకా. అంతసేపూ ఉండాలని ఎక్కడా లేదు. తెల్లారగానే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి, లేదంటే చివరి రెండు గంటలకు వెళ్లండి. దక్షిణ జోన్‌లో సెప్టెంబర్ మొదట్లో వచ్చే తెల్లరెక్కల గువ్వల ప్రత్యేక రోజుల్లో మధ్యాహ్నం 12 తర్వాతే కాల్చనిస్తారు. అంటే మండే ఎండలోనే మొదలు. ఆ రోజుల్లో నేనైతే నాలుగు దాటాకే చేలోకి దిగుతాను.

ఎవరూ ఒంటరిగా కూర్చోవద్దు. ఇద్దరిద్దరు జతగా ఉండి, అరగంటకోసారి ఒకరినొకరు పలకరించుకోండి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కండరాలు పట్టేయడం కనిపిస్తే ఆ మనిషికి వేట అక్కడితో అయిపోయినట్టే. తుపాకీ ఖాళీ చేసి నీడకు చేర్చండి. మాట తడబడినా, అర్థం లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని ధైర్యపడొద్దు, వడదెబ్బలో చెమట ఉండొచ్చు కూడా. వెంటనే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒళ్లు చల్లబరచండి. కూలర్‌లోని ఐసు నీళ్లు ఒంటి మీద పోయండి, తడిబట్టలు కప్పి మారుస్తూ ఉండండి, గాలి విసరండి. దగ్గర్లో పశువుల నీళ్ల తొట్టి ఉంటే మెడ దాకా అందులో కూర్చోబెట్టి, తల నీళ్లలో పడకుండా పట్టుకోండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. ర్యాంచి గేటు దగ్గరే రోడ్డు నంబరు, లొకేషన్ కోఆర్డినేట్లు కాగితం మీద రాసుకోండి. లోపల సిగ్నల్ ఉండకపోవచ్చు, కంగారులో దారి చెప్పడం ఎవరి వల్లా కాదు.

కుక్క సంగతి ఇంకా కష్టం. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని ఏసీ. గువ్వ ఈకలు ముట్టుకుంటే ఊడి వస్తాయి, పక్షిని తెచ్చిన ప్రతిసారీ కుక్క నాలుకకు, అంగిలికి అంటుకుపోతాయి. అప్పుడు రొప్పడమూ కష్టమే. పక్షి తెచ్చిన ప్రతిసారీ నోరు తెరిచి ఈకలు తీసి నీళ్లు పట్టండి. నాలుక వెడల్పై చివర చెంచాలా వంగినా, చొంగ చిక్కబడినా, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగినా, నడక తూలినా క్షణం ఆగొద్దు. ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట కింద, తడిచేలా నీళ్లు పోసి గాలి తగలనివ్వండి, ఆ తర్వాత పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా తీసుకెళ్లాల్సిందే, లోపలి దెబ్బ తర్వాత బయటపడుతుంది. కుక్క తనంతట తాను ఆగదు. మీకు సంతోషమని పరిగెడుతూనే ఉంటుంది, ఆపాల్సింది మీరే.

ఇక తుపాకీ. ఎగిరే పక్షి వెంట గొట్టం తిప్పుతూ తిప్పుతూ పక్కవాడి దాకా తేవడమే ఈ వేటలో జరిగే పెద్ద పొరపాటు. కూర్చోకముందే ఎవరి హద్దు ఎక్కడిదాకానో వేలితో చూపించుకోండి. పక్షి వెనక ఆకాశం కనిపించకపోతే కాల్చొద్దు. కింద పడిన పక్షి కోసం వెళ్తే తుపాకీ ఖాళీ చేసి, అందరికీ కేకేసి చెప్పి వెళ్లండి. కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు తప్పనిసరి. తుపాకీ మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదన్నది ఫెడరల్ నియమం.

పడిన పక్షి కోసం గడ్డిలోకి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి. వేడి రోజుల్లో ర్యాటిల్‌స్నేక్‌లు అనే విషపాములు పొద్దు వాలే వేళ బాగా తిరుగుతాయి. కరిస్తే ఉంగరాలు, గడియారం తీసేసి, చెయ్యి కదపకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కోయడం, పీల్చడం, కట్టు బిగించడం, ఐసు పెట్టడం ఏదీ చేయొద్దు. కారు ఎండుగడ్డి మీద ఆపొద్దు, కింద కాలిన సైలెన్సర్ చాలు చేను అంటుకోవడానికి.

కాగితాల మాట క్లుప్తంగా. హంటింగ్ లైసెన్స్‌తో పాటు మైగ్రేటరీ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ (వలస పక్షుల వేటకు అదనపు అనుమతి) ఉండాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) కూడా కావాలి. రోజుకు 15 గువ్వలు పరిమితి. హెచ్‌1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉంది, అది లేకుండా తుపాకీ పట్టుకుంటే నేరం.

కొట్టిన పక్షులను వేట సంచిలో గంటల తరబడి కుక్కి ఉంచితే ఆ వేడికి పాడైపోతాయి. వీలైనంత త్వరగా పేగులు తీసి, నీళ్లలో నానకుండా కవరులో వేసి ఐసు మీద పెట్టండి. మాంసం 40 ఫారన్‌హీట్, అంటే 4 సెల్సియస్ కంటే చల్లగా ఉండాలి. ఎవరి పక్షులు వాళ్ల కవరులోనే ఉంచుకోండి. తాగే నీళ్ల కూలర్ వేరు, పక్షుల కూలర్ వేరు.

శని, ఆదివారాలు వరసగా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మొదటి రోజు ఎండ ఒంట్లోంచి రాత్రికి రాత్రే పోదు. ఆదివారం ఉదయం మూత్రం ముదురు రంగులో వస్తుంటే, తల బరువుగా ఉంటే, తుపాకీ పెట్టెలోనే ఉంచి కూలర్ సర్దుకుని ఇంటికి బయల్దేరండి.