జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్‌ని ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి చూడాలంటే

జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్ అంటే యేసు కథని రాక్ పాటలతో చెప్పే ఇంగ్లీష్ నాటకం. దాని వీడియోని ఈస్టర్ ముందు వారం మా చెన్నై ఫ్లాట్‌లో రెండుసార్లు వేశాను, ఒకసారి ఘోరంగా ఫెయిల్ అయింది, రెండోసారి బానే కుదిరింది. మీకు ఆ మొదటిసారి తిప్పలు ఎందుకని రాస్తున్నా.

ముందు ఏ వెర్షనో తేల్చుకోండి. 1973లో ఇజ్రాయెల్ ఎడారిలో తీసిన సినిమా ఒకటుంది, అది సినిమాయే, మనకి కావల్సింది స్టేజి నాటకాన్ని కెమెరాతో పట్టినవి. 2000లోది గ్లెన్ కార్టర్ యేసుగా, జెరోమ్ ప్రాడాన్ యూదాగా (యేసుని పట్టించిన శిష్యుడు) చేసింది, కెమెరా మొహాల దగ్గరికి వెళ్తుంది కాబట్టి ఇంట్లో టీవీకి అదే బెస్ట్ అని నా అభిప్రాయం. 2012లోది పెద్ద అరీనాలో జనం మధ్య తీసింది, టిమ్ మించిన్ యూదా, హేరోదు రాజేమో టీవీ గేమ్ షో యాంకర్ లాగ వస్తాడు, కాలేజీ పిల్లలుంటే అది పెట్టండి. 2018లో అమెరికా టీవీలో ఈస్టర్ రోజు లైవ్‌గా వేసిన దాంట్లో జాన్ లెజెండ్ యేసు.

లండన్ నుంచి వచ్చేవాళ్ళతో డీవీడీ తెప్పించుకునేటట్టయితే అట్ట వెనక రీజియన్ నంబర్ చూడమనండి, అక్కడ 2, మనకి 5, చాలా ప్లేయర్లు తీసుకోవు. ఆన్‌లైన్‌లో అద్దెకి దొరికితే గొడవే లేదు.

ఇప్పుడు అసలు సంగతి, సౌండ్. దీంట్లో మాటలు దాదాపు లేవు, మొదట్నించి చివరిదాకా పాటే, మన యక్షగానం లాగ అనుకోండి. 1970లో ముందు రికార్డుగానే వచ్చింది, అందులో యేసు గొంతు డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్ పాటగాడు ఇయాన్ గిలన్‌ది, స్టేజి ఎక్కింది తర్వాతే. అంటే చెవికే పుట్టిన నాటకం. నేను మొదటిసారి డాబా మీద ప్రొజెక్టర్ పెట్టి బ్లూటూత్ స్పీకర్ కలిపాను, పెదాలు ఒకచోట పాట ఇంకోచోట, పైగా ప్రధాన యాజకుడు కయప పాడేది పాతాళంలోంచి వచ్చే గొంతు, చిన్న స్పీకర్లో అది వినపడదు, సౌండ్ పెంచాం, పెంచినవాళ్ళం తగ్గించడం మర్చిపోయాం, గెత్సేమనే తోటలో యేసు ఒక్కసారి పైస్థాయికి అందుకునేసరికి కింద ఫ్లోర్ మామిగారు నైటీ మీద తువ్వాలు కప్పుకుని పైకొచ్చేశారు. కాబట్టి వైరుతో కలపండి, రిచీ స్ట్రీట్‌లో దొరకని కేబుల్ లేదు. వీలైతే ముందే గెత్సేమనే పాట పెట్టి దానికి వాల్యూమ్ సెట్ చేసుకోండి, కయపకి కాదు.

సబ్‌టైటిల్స్ తప్పనిసరి. మాకు ఇంగ్లీష్ వచ్చు అంటారు, గిటార్ మోతలో ఎవరికీ రాదు.

ఎవర్ని పిలవాలి అనేది కొంచెం చూసుకోవాలి. కథ యేసు చివరి వారం, కానీ యూదా కళ్ళతో నడుస్తుంది, 30 వెండి నాణేలకి అమ్మేసినవాడి బాధ కూడా వినిపిస్తుంది. పునరుత్థానం ఉండదు, సిలువ దగ్గర ఆగిపోతుంది. ఈ రెండూ ముందే చెప్పెయ్యండి, ముఖ్యంగా చర్చికి వెళ్ళే పెద్దవాళ్ళకి. మా పక్కింటి ఆంటీ (నెల్లూరు వాళ్ళు, ప్రతి ఆదివారం చర్చిలో కోయిర్ పాడతారు) విని "యూదాని హీరో చేశారా బాబూ" అని మొహం ముడుచుకున్నారు, అయినా వచ్చారు, మగ్దలేనే మరియ పాట దగ్గర మాత్రం కళ్ళు తుడుచుకున్నారు. దేవుడి కథకి జీన్సు, లెదర్ జాకెట్ ఏంట్రా అన్నది మా నాన్న. సురభి వాళ్ళ మాయాబజార్ చూసి పెరిగిన మనిషి, పౌరాణికానికి కిరీటం లేకపోతే ఆయనకి ఎక్కదు.

కథ తెలియనివాళ్ళకి ఐదు నిమిషాలు పేర్లు చెప్పండి చాలు. కయప ప్రధాన యాజకుడు, పిలాతు రోమా వాళ్ళు పెట్టిన అధిపతి, పేతురు శిష్యుడు.

సంగీతం తెలిసిన పిల్లలుంటే ఒక ఆట ఉంది. మరియ యేసుకి అత్తరు పూసే పాట ఐదు లెక్కలో నడుస్తుంది, దేవాలయంలో వ్యాపారుల సీనేమో ఏడు లెక్క. మైలాపూర్‌లో మృదంగం నేర్చుకుంటున్న మా బావగారబ్బాయి తొడ మీద కొట్టుకుంటూ "మామయ్యా ఇది ఖండం, ఇది మిశ్రం" అని దొరకబుచ్చుకున్నాడు, అంతసేపూ ఫోన్ చూస్తున్నవాడు ఇక తల తిప్పలేదు. దీనికి సంగీతం కట్టిన ఆండ్రూ లాయిడ్ వెబ్బరే 2002లో మన రెహమాన్‌తో లండన్‌లో బాంబే డ్రీమ్స్ అనే మ్యూజికల్ వేయించాడని కూడా చెప్పండి, చెన్నైలో ఆ ఒక్క మాటకి అందరూ నిటారుగా కూర్చుంటారు.

ఇంటర్వెల్ యూదా డబ్బు తీసుకున్నాక ఇవ్వండి, స్టేజి మీద కూడా మొదటి అంకం అక్కడే అయిపోతుంది. బజ్జీలు, కాఫీ అప్పుడే. తర్వాత వద్దు, ఎందుకంటే పిలాతు 39 కొరడా దెబ్బలూ ఒక్కొక్కటి లెక్కపెడతాడు, నోట్లో బజ్జీ పెట్టుకుని చూసేది కాదు. చిన్నపిల్లల్ని ఆ టైమ్‌కి నిద్రపుచ్చెయ్యండి.

చివర మాటల్లేని వాద్యం వస్తుంది, దాని పేరే యోహాను 19:41. అందరూ అయిపోయిందనుకుని చెప్పులు వెతుక్కుంటారు, లైటు వెయ్యనివ్వకండి. మా ఆంటీ ఆ చీకట్లోనే ఫోన్లో తెలుగు బైబిల్ తీసి ఆ వచనం చదివారు, తోట, అందులో కొత్త సమాధి, అంతే ఉంది. మా నాన్న "మరి తర్వాత?" అన్నాడు. "ఆదివారం మా చర్చికి రండి అన్నయ్యగారూ, చెప్తా" అన్నారావిడ.