చలికాలం వస్తోంది: పక్షవాతం గురించి ఇంట్లో ముందే తేల్చుకోవలసినవి

చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. దారి ఇరుకైతే బీపీ పెరుగుతుంది. వేసవిలో పై అంకె 130 దగ్గర ఉండే మనిషికి అవే మాత్రల మీద డిసెంబరులో 140 దాటడం మామూలే. పైగా దాహం వేయదు కాబట్టి నీళ్లు తాగడం తగ్గుతుంది. నిద్ర లేచిన తర్వాతి గంటల్లో బీపీ సహజంగానే ఎగబాకుతుంది. పక్షవాతం కూడా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం లోపే ఎక్కువగా వస్తుంది. మన దగ్గర ఇవన్నీ ఒక్కచోటికి వచ్చే కాలం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. చీకటితోనే చన్నీటి స్నానాలు, ఉపవాసాలు, అయ్యప్ప దీక్షలు, ఆ తర్వాత పండగ ప్రయాణాలు, పిండివంటలు.

ఉప్పు తగ్గించాలి, పొగ మానాలి, మాత్రలు వేసుకోవాలి అన్న సంగతి చాలామందికి తెలుసు. పక్షవాతం వచ్చేస్తే మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏం చేయాలన్నది మాత్రం దాదాపు ఏ ఇంట్లోనూ ముందే మాట్లాడుకోరు. ఆసుపత్రి గడప తొక్కేసరికి సమయం దాటిపోవడానికి అసలు కారణం ఇదే. అందుకే ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

గడియారం ఎందుకంత ముఖ్యం

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం పక్షవాతం. నాళం చిట్లి రక్తం కారితే రెండో రకం. ఎక్కువమందికి వచ్చేది మొదటిదే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్సను మామూలుగా 6 గంటల్లోపు చేస్తారు. మెదడులో ఇంకా కాపాడుకోగల భాగం మిగిలి ఉందని స్కాన్‌లో తేలితే కొందరికి 24 గంటల వరకు కూడా చేస్తారు.

నాలుగున్నర గంటలు చాలా సమయంలా అనిపిస్తుంది. అందులో ప్రయాణం, సీటీ స్కాన్, రక్తపరీక్ష, సంతకం అన్నీ పోతాయి. ఇంజెక్షన్ మూడో గంటలో కన్నా మొదటి గంటలో పడితే మనిషి తన కాళ్ల మీద తాను నడిచే అవకాశం ఎక్కువ.

గడ్డ కట్టిందా, రక్తం కారిందా అన్నది పైకి చూసి ఎంత పెద్ద డాక్టరూ చెప్పలేరు. సీటీ తీస్తేగాని తెలియదు. ఇంట్లో ఏ మందూ వేయకూడదనడం, సీటీ లేని ఆసుపత్రికి వెళ్లకూడదనడం ఇందుకే.

ఎలా గుర్తుపట్టాలి

గుండెపోటులా పక్షవాతం నొప్పితో భయపెట్టదు. చాలామందికి నొప్పే ఉండదు. అందుకే రోగి "ఏం లేదు, చెయ్యి తిమ్మిరెక్కింది, కాసేపు పడుకుంటాను" అంటాడు. ఇంట్లోవాళ్లు నరం పట్టేసిందనో, గాలి సోకిందనో అనుకుంటారు. అనుమానం రాగానే ఈ పరీక్ష చేయండి, నిమిషం కూడా పట్టదు.

పళ్లు కనిపించేలా నవ్వమనండి. మూతి ఒక పక్కకు లాగేస్తోందా చూడండి. కళ్లు మూసుకుని, అరచేతులు పైకి పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచమనండి. పది లెక్కపెట్టేలోపు ఒక చెయ్యి కిందికి జారినా, అరచెయ్యి లోపలికి తిరిగినా ఆ పక్క బలహీనపడినట్టే. "రేపు పొద్దున్నే సంతకెళ్లి కూరగాయలు తేవాలి" లాంటి వాక్యం ఒకటి చెప్పించండి. మాట ముద్దగా వచ్చినా, మాటలు తడబడి వేరేవి వచ్చినా, మీరు చెప్పింది అర్థం కాక తెల్లమొహం వేసినా అదీ లక్షణమే. వీటితోపాటు ఉన్నట్టుండి నడక తూలడం, ఒక కన్ను లేదా చూపులో ఒక పక్క మసకబారడం, ఒకటి రెండుగా కనబడటం, ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి పిడుగులా రావడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా చాలు, రెండోదాని కోసం ఎదురుచూడొద్దు.

అయిదు నిమిషాల్లో తగ్గిపోయినా వెళ్లాల్సిందే. గడ్డ తాత్కాలికంగా అడ్డుపడి జారిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. దీని తర్వాత అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి 48 గంటల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. "తగ్గిపోయిందిగా, సోమవారం చూపిద్దాం" అన్న మాట ఎన్నో ఇళ్లను ముంచింది.

ఇప్పుడు గోడ గడియారం చూడండి. లక్షణాలు మీ కంటబడిన సమయం ఒకటి, మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం ఒకటి. డాక్టర్లు అడిగేది రెండోదాన్నే. రాత్రి పదింటికి మామూలుగా పడుకుని, అయిదింటికి లేచేసరికి చెయ్యి పడిపోతే లెక్క పది నుంచి మొదలవుతుంది. మధ్యలో మూడింటికి బాత్రూముకు మామూలుగా నడిచి వెళ్లినట్టు ఎవరైనా చూసి ఉంటే లెక్క మూడు నుంచి మొదలవుతుంది. ఆ ఒక్క మాటతో ఇంజెక్షన్ దక్కవచ్చు. సమయం తేలకపోయినా ఆగొద్దు, కొందరికి ఎంఆర్ఐ చూసి చికిత్స నిర్ణయిస్తారు.

ఇంట్లో చేయకూడనివి

నోట్లో ఏమీ పోయొద్దు. నీళ్లు, కాఫీ, మాత్ర, తులసి తీర్థం, ఏదీ వద్దు. పక్షవాతంలో మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి. గుటక వేసినట్టే కనబడుతుంది, నీళ్లు మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. మూడో రోజు వచ్చే న్యుమోనియాకు తరచూ కారణం ఇదే.

ఆస్పిరిన్ ఇవ్వొద్దు. గుండెపోటుకు ఇస్తారు కదా అని చాలామంది ఇస్తున్నారు. రక్తం కారే రకమైతే అది ఇంకా కారుతుంది.

బీపీ 190 ఉందని నాలుక కింద మాత్ర పెట్టొద్దు. గడ్డ అడ్డుపడినప్పుడు ఎలాగోలా రక్తం అందించాలని శరీరమే ఒత్తిడి పెంచుకుంటుంది. దాన్ని ఒక్కసారిగా దించితే చావుబతుకుల్లో ఉన్న భాగం కూడా చచ్చిపోతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేముందు బీపీ 185/110 లోపు ఉండాలి. ఆ దించడం ఆసుపత్రిలో, నిమిషనిమిషానికీ చూస్తూ చేసే పని.

ఆర్ఎంపీ దగ్గర ఆగొద్దు. ఆయన మంచి మనసుతోనే గ్లూకోజు సీసా పెడతారు. రక్తంలో చక్కెర తగ్గిందని తేలకుండా గ్లూకోజు ఎక్కిస్తే దెబ్బతిన్న మెదడుకు ఇంకా చేటు. దానికి పట్టే ముప్పావుగంట వేరే నష్టం. ఆయన దగ్గర గ్లూకోమీటర్ ఉంటే ఒక చుక్క రక్తంతో చక్కెర చూడమనండి, అంతవరకే. 70 కన్నా తక్కువ ఉంటే పక్షవాతంలాగే చెయ్యి పడిపోవచ్చు, మాట తడబడవచ్చు. ఆ అంకెను 108 వాళ్లకు చెప్పండి.

వేళ్ల చివర్లు, చెవి తమ్మెలు సూదితో గుచ్చి రక్తం తీస్తే మనిషి లేచి కూర్చుంటాడని వాట్సాప్‌లో తిరిగే సందేశం పచ్చి అబద్ధం. పడిపోయిన చేతికి పావురం రక్తం రాయడం, ముక్కులో పసరు పోయడం కూడా అంతే. పసరు శ్వాసకు అడ్డం పడుతుంది. నాటువైద్యం కోసం వేరే ఊరు బయలుదేరితే ఆ నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోతాయి.

చేయాల్సింది కొంచెమే. మంచం మీదో నేల మీదో పడుకోబెట్టి, వాంతి అవుతున్నా, స్పృహ తగ్గినా ఒక పక్కకు తిప్పండి. కట్టుడుపళ్లు తీసేయండి. మెడ, నడుము దగ్గర బట్టలు వదులు చేయండి. 108కి ఫోన్ చేసి ఇలా చెప్పండి: "మా నాన్నగారికి 62 ఏళ్లు. మూతి వంకరపోయింది, కుడి చెయ్యి లేవట్లేదు. ఏడుంపావుకు కాఫీ తాగేటప్పుడు బాగానే ఉన్నారు. పక్షవాతం అనుకుంటున్నాం, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి." "కళ్లు తిరిగి పడిపోయారు" అని మాత్రమే చెబితే దగ్గర్లోని ఏదో ఒక ఆసుపత్రిలో దింపే ప్రమాదం ఉంది.

ఈ వారమే చేసి పెట్టుకోవలసిన పనులు

మీ ఊరి నుంచి గంట, గంటన్నర దూరంలో ఉన్న ఆసుపత్రులకు ఫోన్ చేయండి. మూడు ప్రశ్నలు చాలు. రాత్రి రెండింటికి వచ్చినా సీటీ తీస్తారా? గడ్డ కరిగించే ఇంజెక్షన్, అంటే టెనెక్టెప్లేస్ గానీ ఆల్టెప్లేస్ గానీ, ఆ సమయంలోనూ ఇస్తారా? ఇవ్వడానికి డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? పెద్ద బోర్డు ఉన్న చోటల్లా ఈ మూడూ ఉండవు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్‌లలో న్యూరాలజీ విభాగాలు ఉన్నాయి. కానీ మూడు గంటల దూరంలోని పెద్దాసుపత్రి కన్నా, గంటలో చేరగలిగి, సీటీ తీసి ఇంజెక్షన్ ఇచ్చే జిల్లా కేంద్రంలోని ఆసుపత్రే మొదటి ఎంపిక కావాలి. ఇంజెక్షన్ మొదలుపెట్టాక అక్కడి నుంచి పైకి పంపవచ్చు.

ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకో బీరువాకో అంటించండి. వయసు, బరువు, వేసుకునే మాత్రలు, ఈ మధ్య జరిగిన ఆపరేషన్లు, కడుపులో పుండు లేదా రక్తస్రావం, అలర్జీలు. బరువు తప్పకుండా రాయాలి, ఎందుకంటే మందు మోతాదు కిలోల లెక్కన ఉంటుంది. ఆల్టెప్లేస్ కిలోకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున 90కి మించకుండా ఇస్తారు. 60 కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు ఒకేసారి, మిగిలింది గంటసేపు. అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఎర్ర సిరాతో రాయండి. అవి వాడేవారికి ఈ ఇంజెక్షన్ ఇవ్వకపోవచ్చు. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు, ఆధార్ ఎక్కడున్నాయో కూడా అందులోనే రాయండి. అయితే కార్డు వెతకడానికి బండి ఆపొద్దు, ఒకరు వెనక తెస్తారు.

సంతకం ఎవరు పెడతారో తేల్చుకోండి. చాలామంది జారిపోయేది ఇక్కడే. స్కాన్ అయిపోతుంది, మందు సిద్ధంగా ఉంటుంది. పెద్దబావ రావాలి, అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్ ఎత్తాలి అంటూ నలభై నిమిషాలు కారిడార్‌లో గడిచిపోతాయి. ఇంజెక్షన్ వల్ల మెదడులో రక్తస్రావం జరగవచ్చని డాక్టరు చెప్పగానే అందరూ వెనకాడతారు. ఆ ముప్పు నిజమే. 1995లో ఈ మందు పనిచేస్తుందని రుజువు చేసిన అమెరికా పరిశోధనలో సుమారు నూటికి ఆరుగురికి అలా జరిగింది. ఆ ముప్పుతో కలిపి లెక్కవేసినా మందు తీసుకున్నవారిలోనే ఎక్కువమంది ఎవరి సాయం లేకుండా బతకగలిగారు. ఈ మాట ఇప్పుడు, అందరూ స్థిమితంగా ఉన్నప్పుడు, భోజనాల దగ్గర మాట్లాడుకోండి. విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల పక్కింటివాళ్లకో, ఊళ్లో ఉన్న బంధువుకో "నన్ను అడగకుండానే తీసుకెళ్లండి, సంతకం పెట్టండి" అని ముందే చెప్పి ఉంచాలి.

దీక్ష, ఉపవాసం, పండగ

సీజను మొదలవకముందే ఏడు రోజులు పొద్దున, సాయంత్రం బీపీ చూసుకోండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చున్నాక, చొక్కా చెయ్యి పైకి మడిచి గుండె ఎత్తులో చెయ్యి పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ముందు అరగంటలో కాఫీ, సిగరెట్ వద్దు. మొదటి రోజువి వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. 135/85 దాటితే ఆ కాగితంతో డాక్టరును కలవండి, చలికాలానికి మోతాదు మార్చాల్సి రావచ్చు.

దీక్షలో ఉన్నవాళ్లు బీపీ మాత్ర ఆపకూడదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ మాత్రం ఒంటిపూట భోజనానికి తగ్గట్టు మార్చాలి, అదీ మాల వేసుకోకముందే డాక్టరును అడిగి. బీపీ ఉన్నవాళ్లు, 60 దాటినవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లు చన్నీళ్లు ఒక్కసారిగా నెత్తిన గుమ్మరించుకోవద్దు. గురుస్వామికి చెప్పి గోరువెచ్చని నీళ్లకు అనుమతి తీసుకోండి. అదీ కుదరకపోతే ముందు పాదాలు, మోకాళ్లు, చేతులు తడిపి తర్వాత ఒంటి మీద పోసుకోండి.

అసిట్రోమ్ వాడేవాళ్లు కార్తీకమాసం శాకాహారం పేరుతో ఒక్కసారిగా ఆకుకూరలు పెంచితే మందు పనితనం తగ్గుతుంది. పెంచినా తగ్గించినా ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసేది) ముందుగానే చేయించండి. నాడి ఒక లయ లేకుండా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే ఈసీజీ తీయించండి. గుండె పై గదుల్లో గడ్డకట్టి మెదడుకు చేరేది ఇలాంటివాళ్లలోనే.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, పండగ కారప్పూస అన్నీ కలిపి అంతే.

ఆడవాళ్ల విషయంలో వేరే జాగ్రత్త

పూజల కోసం, శబరిమల యాత్రకు వెళ్లేవాళ్లను సాగనంపడం కోసం నెలసరి వాయిదా వేసే మాత్రలు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవడం ఈ కాలంలో బాగా ఎక్కువ. ఇంతకుముందు కాలిలోనో మెదడులోనో గడ్డ కట్టినవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు డాక్టరును అడగకుండా వీటిని ముట్టుకోవద్దు.

బాలింతకు నీళ్లు తాగితే పొట్ట వస్తుందని, జలుబు చేస్తుందని గ్లాసుల లెక్కన కట్టడి చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాన్పు తర్వాత ఆరు వారాలు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. దానికి నీళ్ల కొరత తోడైతే మెదడు సిరల్లో గడ్డ కట్టవచ్చు. ఇది మామూలు పక్షవాతంలా ఒక్కసారిగా రాదు. రెండు మూడు రోజులు తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఆపైన ఫిట్స్ లేదా ఒక పక్క బలహీనత. చాలా ఇళ్లలో దిష్టి తీసి ఊరుకుంటారు. బాలింతకు దాహం వేసినప్పుడల్లా, పాలిచ్చిన ప్రతిసారీ నీళ్లు ఇవ్వండి. మూడో వారంలోనైనా, అయిదో వారంలోనైనా ఇలాంటి తలనొప్పి వస్తే ఆసుపత్రిలో నోరు తెరవగానే కాన్పు అయిన తేదీ చెప్పండి. మామూలు సీటీలో ఇది కనబడకుండా పోవచ్చు. తేదీ తెలిస్తే సిరలను చూపించే స్కాన్ రాస్తారు.