గోల్ఫ్ నేర్చుకుందాం – 5: బ్యాక్‌స్వింగ్‌కు బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

పోయిన పాఠంలో గ్రిప్, నిలబడే తీరు చూశాం. ఈసారి బ్యాక్‌స్వింగ్, అంటే కొట్టే ముందు క్లబ్‌ను (బంతిని కొట్టే కర్రను) వెనక్కి తీసుకెళ్లడం. చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాటమైతే తిరగేసుకోండి.

బంతి దూరం పోవాలంటే క్లబ్ ఇంకా పైకి ఎత్తాలని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. చేతులు తల దాటిపోతాయి, ఎడమ మోచెయ్యి మడత పడుతుంది, భుజాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్‌కు పుట్టుకతోనే కుడి పాదం వంకర. చికిత్స జరిగినా ఆ చీలమండ పెద్దగా కదలదు. అందుకే ఆయన బ్యాక్‌స్వింగ్ బాగా పొట్టిది. ఆ పొట్టి స్వింగ్‌తోనే 2021లో యూఎస్ ఓపెన్, 2023లో మాస్టర్స్ టోర్నీలు గెలిచాడు. కాబట్టి ఎంత ఎత్తారన్నది వదిలేయండి, ఎంత తిరిగారో చూసుకోండి.

క్లబ్‌ను ఛాతీకి అడ్డంగా పెట్టి, చేతులు కట్టుకుని పట్టుకోండి. బంతి దగ్గర నిలబడ్డట్టే ముందుకు వంగి, మెల్లగా కుడివైపు తిరగండి. ఎడమ భుజం గడ్డం కిందికి రావాలి. భుజాలు దాదాపు 90 డిగ్రీలు, నడుము అందులో సగం తిరిగితే చాలు. ఈ తేడా వల్లే వీపు, నడుము కండరాలు బిగుస్తాయి. వీపు ఎడమ పక్కన లాగినట్టు తెలియాలి; ఏమీ తెలియకపోతే మీరు తిరగనట్టే.

ఇక్కడే చాలామంది తిరగడం మానేసి తుంటిని పక్కకు జరుపుతారు. బరువు కుడి పాదం బయటి అంచు మీదికి దొర్లిందంటే బలం అక్కడే కారిపోయింది. ఆ అంచు కింద ఒక గోల్ఫ్ బంతి పెట్టి తిరిగి చూడండి: బరువు బొటనవేలి మొదలు దగ్గర, పాదం లోపలి వైపు ఆగుతుంది. కుడి మోకాలి వంపు కాస్త తగ్గినా ఫర్వాలేదు, కాలు కర్రలా నిటారైపోకూడదు.

నడుము బిగుసుకుపోయినవాళ్లు ఎడమ మడమ కొంచెం లేపుకోవచ్చు. ఇది తప్పని కొందరు కోచ్‌లు కోప్పడతారు గానీ, 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్ మడమ లేపే ఆడాడు. నొప్పి ఉంటే మాత్రం బలవంతంగా తిరగొద్దు.

ఇప్పుడు క్లబ్ పట్టుకోండి. మొదటి అడుగు దూరం నేలకు దగ్గరగా వెనక్కి నెట్టండి, చేతులు ఛాతీకి దూరంగా ఉండనివ్వండి. మణికట్టు ఆ తర్వాత దానంతటదే మడత పడుతుంది.

వచ్చే పాఠం దాకా డ్రైవర్ (బాగా దూరం కొట్టే పొడవాటి క్లబ్) బ్యాగ్‌లోనే ఉండనివ్వండి. సెవెన్ ఐరన్ అనే మధ్యరకం క్లబ్‌తో, సగం వేగంతో కొట్టండి. పైన ఒక్క క్షణం ఆగి, బరువు ఎక్కడుందో చూసుకున్నాకే కిందికి దించండి.