బాలింతకు పాలసొర వండే ముందు పాదరసం గురించి తెలుసుకోవలసినవి

కోస్తా ఆంధ్రలో బాలింతకు పాలు బాగా పడాలని పాలసొర అనే సొరచేపను ఉడికించి, నడిముల్లు తీసి, అల్లం వెల్లుల్లితో పిట్టుగా వండి పెట్టడం చాలా ఇళ్లలో ఉన్న ఆచారం. దాని వెనుక ఉన్న ఆప్యాయతను తప్పుపట్టలేము. అయితే సొరమాంసంలో పేరుకునే పాదరసం గర్భస్థ శిశువులకూ పసిపిల్లలకూ అందరికంటే ఎక్కువ హాని చేస్తుంది కనుక, ఈ వంటకం ఎవరికి పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో ముందుగా ఆలోచించాలి.

బొగ్గు మండించడం వంటి పనుల వల్ల గాలిలో కలిసిన పాదరసం సముద్రంలోకి చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల మిథైల్ మెర్క్యురీగా మారుతుంది. చిన్న చేపను పెద్ద చేప తినే కొద్దీ అది పోగవుతూ, ఎక్కువ కాలం బతికి ఇతర చేపలను వేటాడే సొరలో అధిక మోతాదుకు చేరుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పరీక్షల్లో సొరమాంసంలో సగటున కిలోకు దాదాపు 1 మిల్లీగ్రాము పాదరసం కనిపించింది. శరీర బరువులో ప్రతి కిలోకు వారానికి మిథైల్ మెర్క్యురీ 1.6 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం 2003లో నిర్ణయించింది. ఈ లెక్కన 55 కిలోల స్త్రీకి వారానికి 88 మైక్రోగ్రాములే పరిమితి. పైన చెప్పిన సగటు మాంసమైతే 88 గ్రాములతోనే, అంటే ఒక పూట కూరతోనే, అది పూర్తవుతుంది.

కాబట్టి గర్భిణులు, గర్భం కోసం ఎదురుచూస్తున్నవారు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొరను పూర్తిగా మానడమే మేలు. గుచ్చుకునే ముళ్లు ఉండవని పిల్లలకు దీన్నే ఏరి పెట్టే అలవాటు నన్ను ప్రత్యేకంగా కలవరపెడుతుంది. మిగిలిన పెద్దలు వారానికి ఒక పూటకు మించకుండా చూసుకోవాలి.

పాలసొర చిన్న జాతి కనుక పెద్ద సొరలకంటే అందులో పాదరసం సాధారణంగా తక్కువే ఉంటుంది. కాని కోసిన ముక్కలను చూసి అది ఏ సొరదో చెప్పడం కష్టం. తినదలచిన పెద్దలు చిన్న చేపను నిండుగా చూసి కొని, ఎదుటే కోయించుకోవాలి. పాదరసం కండలోని మాంసకృత్తులకు అంటుకొని ఉంటుంది కనుక పసుపు, చింతపండు వేసి ఎంత ఉడికించినా, తోలు తీసినా, నీళ్లు పారబోసినా అది పోదు. ఎండు సొరలో నీరు తగ్గిన మేరకు దాని గాఢత పెరుగుతుంది. కాడ్మియం అనే మరో విషలోహం ఎక్కువగా చేరేది కాలేయంలో, మూత్రపిండాల్లో కాబట్టి వాటిని తీసి పారేయించాలి.

సొర తింటే పాలు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. బిడ్డకు తరచూ రొమ్ము పట్టించడమే పాలు పెరిగే మార్గం. చేప పెట్టాలనుకుంటే నెత్తళ్లు, కవళ్లు, శీలావతి వంటివి వండండి. ఇదివరకే సొర తిన్న తల్లి భయపడి పాలివ్వడం మానకూడదు. తల్లిపాల మేలు చాలా పెద్దది, పైగా మిథైల్ మెర్క్యురీ పాల ద్వారా కంటే కడుపులో ఉన్నప్పుడు మావి ద్వారానే బిడ్డకు ఎక్కువగా చేరుతుంది. సొర తినడం ఆపితే ఒంట్లో ఉన్నది సుమారు 50 రోజులకు సగమవుతుంది. విషహరణం పేరుతో అమ్మే మందులు వాడవద్దు. తరచుగా సొర తినేవారికి పెదవుల్లో, వేళ్ల చివర్లలో తిమ్మిరి, నడకలో తూలడం, చూపు పక్కలకు ఆనకపోవడం వంటివి కనిపిస్తే వైద్యుడికి ఆ అలవాటు సంగతి కూడా చెప్పి, రక్తంలో పాదరసం పరీక్ష గురించి అడగాలి.