సోలార్ ప్యానెళ్లకు ఏసీ నీళ్లు

చీమకుర్తి వైపు మేడ మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లకు ఒక మాట. గ్రానైట్ దుమ్ము పడే చోట ప్యానెళ్లను వానే కడుగుతుందిలే అని వదిలేస్తే కుదరదు. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు రావాల్సింది, దుమ్ము పేరుకుంటే తగ్గిపోతుంది. కడగడానికి ఉప్పగా ఉండే బోరు నీళ్లు మాత్రం వద్దు. ఆరాక అద్దం మీద తెల్లటి మరకలు కడతాయి, వాటిని గీకితే గీతలు పడతాయి. దానికి బదులు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టి, గుడ్డతో వడకట్టి వాడండి. గాల్లో తేమ చల్లబడి నీరైందే కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. ఎలాగూ వృథాగా పోయే నీళ్లేగా! ముందు ఇన్వర్టర్ ఆపి, ఎండ ఎక్కకముందే మెత్తటి గుడ్డతో తుడవండి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. సబ్బుపొడి అసలొద్దు.