టెక్సాస్ స్కూల్ బోర్డు మీటింగులో మీ మాట వినిపించడం ఎలా?

స్కూలు జోనింగ్ (ఏ కాలనీ పిల్లలు ఏ స్కూలుకు వెళ్లాలనే హద్దులు) మారుస్తున్నారని తెలియగానే మనవాళ్లు ముందు వాట్సాప్ గ్రూపులో మండిపడతారు. అక్కడ ఎన్ని మెసేజ్‌లు పెట్టినా బోర్డు రికార్డులోకి ఒక్కటీ ఎక్కదు. ఎక్కాలంటే మీటింగుకు వెళ్లి పబ్లిక్ కామెంట్ సమయంలో, అంటే జనం మాట్లాడేందుకు కేటాయించిన సమయంలో, మైకు ముందు నిలబడాలి.

"మనం వీసా మీద ఉన్నాం, మాట్లాడనిస్తారా?" అనే సందేహం వద్దు. అజెండాలోని అంశంపై మాట్లాడాలనుకునే ఎవరికైనా, బోర్డు దాన్ని చర్చించే ముందో చర్చించేటప్పుడో అవకాశం ఇవ్వాలని టెక్సాస్ చట్టం చెబుతోంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఇందులో పౌరసత్వం షరతు లేదు.

1. అజెండా చదవండి. మీటింగుకు కనీసం 3 పనిదినాల ముందు దాన్ని బయటపెట్టాలి. 2025 సెప్టెంబరుకు ముందు ఈ గడువు 72 గంటలే. 'కన్సెంట్ అజెండా' భాగాన్ని మాత్రం వదలొద్దు. చర్చ లేకుండా ఒకే ఓటుతో కట్టగట్టి ఆమోదించే అంశాలన్నీ అందులోనే ఉంటాయి, మీది కూడా అక్కడే ఉండొచ్చు. అజెండాలో లేని విషయం గురించి మాట్లాడనివ్వాలా వద్దా అన్నది మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంత స్కూళ్లను నడిపే సంస్థ) ఇష్టం.

2. పేరు నమోదు చేయించుకోండి. కొన్ని చోట్ల ఆన్‌లైన్ ఫారం, కొన్ని చోట్ల హాలు గుమ్మం దగ్గర కార్డు. గడువు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి బోర్డు వెబ్‌సైటులో చూసుకోండి. ఫారంలో అంశం నంబరు తప్పకుండా రాయండి.

3. రాసుకుని వెళ్లండి. చాలా డిస్ట్రిక్టుల్లో ఒక్కొక్కరికి 3 నిమిషాలు ఇస్తారు. జనం ఎక్కువైతే తగ్గించేస్తారు, అందుకే ఒక్క నిమిషంలో ముగిసే వెర్షన్ కూడా జేబులో పెట్టుకోండి. అమెరికాకు ఎప్పుడొచ్చాం, ఎన్ని ఇళ్లు మారాం అనే ఉపోద్ఘాతానికే మనవాళ్ల సగం సమయం అయిపోతుంది. తిన్నగా ఇలా మొదలుపెట్టండి: "నేను ఐటెం 7బి గురించి మాట్లాడుతున్నాను. కొత్త మ్యాప్ ప్రకారం మా కాలనీ పిల్లలు ఆరు లేన్ల రోడ్డు దాటి స్కూలుకు నడవాలి. ఓటు వేసే ముందు ఆ క్రాసింగ్ భద్రతను పరిశీలించమని కోరుతున్నాను." ఏమిటి సమస్య, ఏం కావాలి, అంతే.

ఇంగ్లీషు అంటే టెన్షన్‌గా ఉందా? తెలుగులోనే మాట్లాడండి. హాల్లో మాట్లాడుతుండగానే అనువదించే పరికరాలు లేనప్పుడు, అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అనువదించేవాళ్లను మీరే వెంటబెట్టుకెళ్లడం మంచిది. మనవల స్కూలు గురించి చెప్పాలనుకునే అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఇది బాగా పనికొస్తుంది.

4. మైకు దగ్గర. పేరు చెప్పి విషయంలోకి వెళ్లండి, టైమర్ మీద ఓ కన్నేసి ఉంచండి. సభ్యులు బదులివ్వకపోతే అవమానంగా అనుకోవద్దు. అజెండాలో లేని విషయం ఎవరైనా లేవనెత్తితే వాళ్లు వాస్తవ సమాచారం ఇవ్వొచ్చు, ఉన్న విధానం చెప్పొచ్చు, లేదా తర్వాతి అజెండాలో పెట్టే సంగతి మాట్లాడుకోవచ్చు. అంతకుమించి చర్చకు దిగే వీలు చట్టం వాళ్లకు ఇవ్వలేదు.

బోర్డును విమర్శించొచ్చా? నిక్షేపంగా. దాని విధానాలపైనా పనులపైనా విమర్శను నిషేధించకూడదని చట్టంలోనే ఉంది. కాకపోతే అరుపులతో మీటింగు సాగకుండా చేస్తే బయటికి పంపేస్తారు. ఫలానా టీచర్ మీద ఫిర్యాదైతే చాలా డిస్ట్రిక్టులు మిమ్మల్ని గ్రీవెన్స్ ప్రక్రియకు, అంటే విడిగా ఫిర్యాదు చేసుకునే పద్ధతికి పంపుతాయి. అక్కడ లిఖితపూర్వకంగా, గడువు లోపల ఇవ్వాలి. ఇంకొకరి పిల్లల పేర్లు మాత్రం మైకులో ఎత్తనే ఎత్తొద్దు.

5. ఇంటికొచ్చాక. మీరు చదివినదే ట్రస్టీలందరికీ (బోర్డు సభ్యులకు) ఈమెయిల్ చేయండి. జోనింగ్ లాంటివి ఒక మీటింగులో చర్చించి, ఓటు తర్వాతి మీటింగులో వేయడం మామూలే. ఆ అజెండా వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండి, ఈసారి పక్కింటివాళ్లను కూడా పేరు ఇమ్మనండి.