7 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్‌కు లో-పాస్ ఫిల్టర్ తయారుచేసుకోవడం ఎలా?

చిన్న ట్రాన్స్‌మిటర్‌ను యాంటెన్నాకు నేరుగా కలిపితే, 7 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌తో పాటు 14, 21 మెగాహెర్ట్జ్ హార్మోనిక్‌లు (అసలు పౌనఃపున్యానికి రెట్టింపు, మూడింతల దగ్గర పుట్టే అనవసర సిగ్నళ్లు) కూడా బయటికి వెళ్లి ఇతరుల ప్రసారాలకు అడ్డు తగులుతాయి. వాటిని ఆపడానికి 50 ఓమ్‌ల లైనుకు, 5 వాట్ల లోపు శక్తికి సరిపోయే ఏడు భాగాల చెబిషెవ్ రకం లో-పాస్ ఫిల్టర్‌ను (తక్కువ పౌనఃపున్యాలను పోనిచ్చి, ఎక్కువవాటిని ఆపే సర్క్యూట్‌ను) ఇంట్లోనే కట్టుకోవచ్చు. ప్రసారానికి అమెచ్యూర్ లైసెన్సు మాత్రం తప్పనిసరి.

ముందుగా విలువలు తేల్చుకోవాలి. కటాఫ్‌ను (ఫిల్టర్ ఆపడం మొదలుపెట్టే పౌనఃపున్యాన్ని) 9.8 మెగాహెర్ట్జ్‌గా, రిపుల్‌ను (అంతకు లోపల సిగ్నల్‌లో వచ్చే చిన్న హెచ్చుతగ్గులను) 0.1 డెసిబెల్‌గా తీసుకుంటే, కొసల్లోని కెపాసిటర్లు 384, లోపలివి 681 పికోఫారడ్‌లు వస్తాయి. మామూలుగా దొరికే 390, 680 వీటికి చాలా దగ్గర కాబట్టే ఆ కటాఫ్‌ను ఎంచుకున్నాను. కాయిళ్లు వరుసగా 1.16, 1.28, 1.16 మైక్రోహెన్రీలు. లెక్క ప్రకారం 14 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 32, 21 దగ్గర సుమారు 62 డెసిబెల్‌ల తగ్గుదల ఉంటుంది. 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు కావాలంటే ఈ విలువలన్నింటినీ సగం చేయాలి. కెపాసిటర్లు ఎన్‌పీఓ రకం (వేడికి విలువ దాదాపు మారని) సిరామిక్‌వి గానీ సిల్వర్ మైకావి గానీ, 100 వోల్టులవి తీసుకోవాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది కాయిల్ చుట్టడంలోనే. పసుపురంగు టీ50-6 టొరాయిడ్‌కు (కాయిల్ చుట్టే రింగుకు) ఇండక్టెన్స్, చుట్ల సంఖ్య వర్గాన్ని 4 నానోహెన్రీలతో గుణిస్తే వస్తుంది. అంటే కొసల కాయిళ్లకు 17, నడిమిదానికి 18 చుట్లు. అర మిల్లీమీటరు ఎనామెల్ రాగితీగను 40 సెంటీమీటర్లు కత్తిరించి, రింగు రంధ్రంలోంచి దూరిన ప్రతిసారీ ఒక చుట్టుగా లెక్కించాలి. తీగను ఒక్కసారి దూర్చి వదిలేసినా అది ఒక చుట్టే. చాలామంది తప్పేది ఇక్కడే. 17కు బదులు 18 పడితే ఇండక్టెన్స్ 12 శాతం పెరుగుతుంది. తీగ కొసలను బ్లేడుతో రాగి మెరిసేదాకా గీకి, టిన్నింగ్ చేయాలి (పలుచగా సోల్డర్ పూయాలి).

రాగిరేకు బోర్డు మీద 390, 17 చుట్ల కాయిల్, 680, 18 చుట్ల కాయిల్, 680, 17 చుట్ల కాయిల్, 390 వరుసలో అమర్చాలి. కాయిళ్లు సిగ్నల్ దారిలో, కెపాసిటర్లు ఆ దారి నుంచి గ్రౌండ్‌కు. ఫిల్టర్ రెండు వైపులా ఒకటే కాబట్టి ఏ కొసనైనా ఇన్‌పుట్‌గా వాడవచ్చు. కెపాసిటర్ కాళ్లు వీలైనంత పొట్టిగా ఉండాలి, పక్కపక్క కాయిళ్లు ఒకదానికొకటి లంబంగా నిలవాలి.

మల్టీమీటరుతో గ్రౌండ్‌కు షార్టు లేదని చూసుకున్నాక, నానోవీఎన్‌ఏతో (ఏ పౌనఃపున్యం ఎంత తగ్గిందో చూపే చిన్న కొలత పరికరంతో) 1 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు కొలవాలి. 7 దగ్గర నష్టం అర డెసిబెల్ లోపే ఉండాలి. కటాఫ్ కిందికి జరిగితే చుట్లను ఎడం చేయాలి, పైకి జరిగితే దగ్గరకు నొక్కాలి. 21 దగ్గర తగ్గుదల చాలకపోతే చుట్లను కదపకుండా, ముందు కెపాసిటర్ కాళ్లను, గ్రౌండ్ కీళ్లను సరిచూడాలి. కొలతలు కుదిరాక ట్రాన్స్‌మిటర్‌ను మొదట 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌తో (యాంటెన్నాకు బదులు కలిపే రెసిస్టర్‌తో) నడిపి, కాయిళ్లు వేడెక్కడం లేదని నిర్ధారించుకున్న తరువాతే యాంటెన్నా కలపాలి.